చెల్లని లావాదేవీ

"ఏవంటుందిరా అల్లుడూ నీ మిషను?" అన్నాడు మావయ్య.

నాగాయలంకలో మావయ్య వాళ్ల వరండా. రాత్రి తొమ్మిది దాటింది. పాత లాప్‌టాప్ వెలుతురుకి పురుగులు ముసురుతున్నాయి. నల్ల తెర మీద ఎర్రగా ఒక వరస: ఎండార్స్‌మెంట్ పాలసీ ఫెయిల్యూర్.

"సంతకాలు చాల్లేదంటుంది మావయ్యా."

"ఎవరి సంతకం?"

"పొలం ఆయనది."

మావయ్య కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత నవ్వాడు. గట్టిగానే నవ్వాడు. లోపల్నుంచి అత్తయ్య ఏవైందని అడిగింది. "ఏం లేదే, మూడూళ్లలో మూడు కంప్యూటర్లు పెట్టి వారం రోజుల్నుంచి కష్టపడి మనాడు ఓ సంగతి కనిపెట్టాడు. పొలం ఆయన సంతకం పెట్టకపోతే కౌలు చెల్లదంట" అన్నాడు.

ఆ నవ్వు నాకు చాలా రోజులు చెవుల్లో ఉంది. అందుకే రాస్తున్నాను.

*

మావయ్య ఐదెకరాలు కౌలుకి చేస్తాడు. ఎకరానికి 18 బస్తాలు మక్తా. కాగితం లేదు. ఏటా జూన్‌లో యజమాని ఇంటికెళ్లి ఒక మాట అనుకుని వస్తారు, అంతే. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోసి పొలంలో వేసిన పనలు నీళ్లలో తేలాయి. నాలుగు రోజులకి గింజ మొలకెత్తింది. తర్వాత వచ్చిన నష్టపరిహారం జాబితాలో, పొలం ఎవరి పేరున ఉందో వాళ్ల పేరే వచ్చింది. మావయ్య పేరు లేదు. ఆయన వెళ్లి అడిగితే, యజమాని మర్యాదగానే కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, మక్తాలో ఐదు బస్తాలు తగ్గిస్తానన్నాడట. పరిహారం సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

చట్టాలు లేక కాదు. ఆంధ్ర ప్రాంతానికి 1956లోనే కౌల్దారీ చట్టం వచ్చింది. అది కౌలు రైతుకి గట్టి రక్షణలే ఇచ్చింది. కాగితం రాస్తే పొలం చేజారుతుందేమోనన్న భయం యజమానుల్లో అప్పుడు మొదలై ఇప్పటికీ పోలేదు. దాంతో రక్షణ కోసం వచ్చిన చట్టం వల్ల కౌలు మొత్తం నోటిమాట కిందకి జారిపోయింది. 2011లో రుణ అర్హత కార్డులు వచ్చాయి. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. పదకొండు నెలల ఒప్పందం, భూమి హక్కుకి ఏ ఢోకా లేదని యజమానికి హామీ, కౌలు రైతుకి ఒక కార్డు. ఆ కార్డు ఉంటే పంట రుణం, బీమా, పరిహారం. అయితే ఒప్పందం మీద యజమాని సంతకం ఉండాలి. మావయ్య దగ్గర ఆ కార్డు లేదు. ఎందుకు లేదో మీకు నేను మళ్లీ చెప్పక్కర్లేదు.

నేను హైదరాబాద్‌లో ఒక కంపెనీలో పనిచేస్తాను. మా పనే ఇది. బ్యాంకులకీ, గిడ్డంగులకీ, ఎగుమతిదారులకీ బ్లాక్‌చెయిన్ నమూనాలు కట్టి చూపించడం. నాలుగేళ్లలో తొమ్మిది నమూనాలు కట్టాను. వాటిలో ఏదీ నమూనా దాటి బయటికి రాలేదు. 2024 వేసవిలో బందరు వచ్చి ఇంటి నుంచి పనిచేస్తున్నప్పుడు, పదోది మావయ్య కోసం కడదాం అనిపించింది. పనికొస్తుందన్న నమ్మకం ఎంతుందో, ఇంతకాలం నేర్చుకున్నది ఒక్కసారైనా సొంతవాళ్లకి చూపించుకోవాలన్న యావ కూడా అంతే ఉంది.

*

బ్లాక్‌చెయిన్ అనగానే అందరికీ బిట్‌కాయిన్ గుర్తొస్తుంది. అందులో ఎవరైనా చేరొచ్చు, ఎవరూ ఎవర్నీ నమ్మక్కర్లేదు. నేను చేసేది అది కాదు. ఇందులో సభ్యులు ముందే తెలుసు. ప్రతి ఒక్కరికీ ఒక గుర్తింపు పత్రం ఉంటుంది, అది లేనివాడు లోపలికి రాలేడు. అనుమతి ఉన్నవాళ్ల మధ్య ఉమ్మడి ఖాతా పుస్తకం అనుకోండి. పుస్తకం ఒక్కరి దగ్గర ఉండదు, ప్రతి సంస్థ దగ్గరా ఒక ప్రతి ఉంటుంది. ఏ వరస రాయాలన్నా ఎవరెవరు ముద్ర వేయాలో ముందే ఒప్పందం ఉంటుంది. ఒకసారి రాశాక ఒక ప్రతిలో దిద్దితే మిగతా ప్రతులతో పొసగదు, దొంగతనం బయటపడుతుంది. లైనక్స్ ఫౌండేషన్ కింద నడిచే హైపర్‌లెడ్జర్ ఫ్యాబ్రిక్ ఇలాంటిదే. దాని 1.0 వెర్షన్ 2017 జులైలో వచ్చింది.

అదే ఏడు మన రాష్ట్రంలో కూడా ఈ మాట బాగా మోగింది. అక్టోబర్‌లో విశాఖలో బ్లాక్‌చెయిన్ సదస్సు పెట్టారు. భూముల రికార్డుల కోసం స్వీడన్ కంపెనీ క్రోమావే పేరూ, హైదరాబాద్ కంపెనీ జెబి పేరూ పేపర్లలో వచ్చాయి. నేను అప్పుడు ఇంజినీరింగ్ చదువుతున్నాను. భూమి గొడవలన్నీ మా తరంతో తీరిపోతాయని హాస్టల్లో వాదించినవాణ్ణి.

బందరు ఇంట్లో మేడ మీద గదిలో కూర్చుని మొదలుపెట్టాను. ఫ్యాబ్రిక్‌తో పాటు ఒక పరీక్ష నెట్‌వర్క్ వస్తుంది. ఒక్క కమాండ్ కొడితే లేస్తుంది: రెండు సంస్థలు, వాటికి చెరో పీర్, లావాదేవీలని వరసలో పెట్టే ఆర్డరర్ ఒకటి. ఒక్కొక్కటీ ఒక్కో డాకర్ కంటైనర్.

కంటైనర్ అంటే ఏవిటని మా అమ్మ అడిగితే క్యారేజీ చూపించాను. ఒక గిన్నెలో పప్పు, ఒకదాంట్లో కూర, ఇంకోదాంట్లో పెరుగు. ఒకదాని వాసన ఇంకోదానికి అంటదు. గిన్నెలన్నీ కలిపి ఎక్కడికి పట్టుకెళ్లినా లోపల ఉన్నది మారదు. ఇంట్లో తిన్నా పొలం గట్టు మీద తిన్నా అదే పప్పు. ప్రోగ్రాముకి కావాల్సినవన్నీ దాంతోపాటే మూతపెట్టి పంపడం, ఏ కంప్యూటర్ మీద విప్పినా అదే తీరున నడవడం. "మరి పిడి?" అంది అమ్మ. పిడి కూడా ఉంది. ఏ గిన్నె మీద ఏ గిన్నె పెట్టాలో చెప్పే కంపోజ్ ఫైలు.

కౌలు ఒప్పందాన్ని ప్రోగ్రాముగా రాశాను. సర్వే నంబరు, విస్తీర్ణం, మక్తా, మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ. రాయడం, చదవడం, ముగించడం, మూడే పనులు. నియమం ఏవిటంటే, యజమానుల సంస్థ ముద్రా, కౌలు రైతుల సంస్థ ముద్రా రెండూ పడాలి. 2019 చట్టంలో ఉన్నదే. చట్టాన్ని గౌరవించి రాశానని అప్పుడు సంతోషపడ్డాను కూడా.

రాసింది నడుస్తుందా అన్నది చిన్న పరీక్ష. ఎక్కడ విరుగుతుందన్నది అసలు పరీక్ష. ఒకే పొలాన్ని ఇద్దరు కౌలు రైతులకి ఒకే క్షణంలో ఇచ్చి చూశాను. ఊళ్లలో ఇది జరగనిదేం కాదు, అన్న ఒకరికిస్తాడు, తమ్ముడు ఇంకొకరికిస్తాడు. రెండు లావాదేవీలూ ఒకే బ్లాకులోకి వెళ్లాయి. వరసలో ముందున్నది నిలిచింది. రెండోది తను చదివిన లెక్క అప్పటికే మారిపోయింది కాబట్టి చెల్లలేదు. అది చూసి కుర్చీలోంచి లేచి మేడ మీద అటూ ఇటూ తిరిగాను. పంచాయితీ లేకుండా, కేకలు లేకుండా, రెండు సెకన్లలో తేలిపోయింది.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఆ లాప్‌టాప్‌కి బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, ప్లగ్గులో ఉంటేనే నడుస్తుంది. గది చీకటైంది. ఇద్దరు యజమానులూ, ఇద్దరు కౌలు రైతులూ, వాళ్ల ఉమ్మడి పుస్తకం, దాని ప్రతులన్నీ ఒకేసారి ఆరిపోయాయి.

నా ఉద్యోగంలో తొమ్మిది నమూనాలూ ఇలాగే ఒకే యంత్రం మీద కట్టాను. క్లయింట్ల ముందు తెర మీద నాలుగు డబ్బాలు గీసి, ఇది ముంబై, ఇది చెన్నై అనేవాణ్ణి. నాలుగూ నా ఒళ్లోనే ఉండేవి. ఇంకో సంగతి కూడా ఉంది. నెట్‌వర్క్‌ని లేపే స్క్రిప్టుకే పక్కన డౌన్ అనే మాట చేర్చి కొడితే, కంటైనర్లూ, వాటి పుస్తకాలూ, గుర్తింపు పత్రాలూ అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఎవరూ చెరపలేని ఖాతా అని చెప్పేదాన్ని నేను రోజుకి పదిసార్లు చెరిపేవాణ్ణి. ప్రతులు వేరువేరు చేతుల్లో లేకపోతే ఆ మాటకి అర్థం లేదు.

*

అందుకని మూడూళ్లు అనుకున్నాను. బందరులో నా లాప్‌టాప్, దాని మీద సహకార సొసైటీ తరఫున ఒక పీర్. మూడో సంస్థ ఉండాలనిపించింది. రుణం ఇచ్చేవాడు కూడా పుస్తకం చూడాలి కదా. గుడివాడలో నా స్నేహితుడి జిరాక్స్ షాపులో ఒక డెస్క్‌టాప్, అది యజమానులకి. నాగాయలంకలో మావయ్య ఇంట్లో నా పాత లాప్‌టాప్, అది కౌలు రైతులకి. మూడు చోట్లా ఒక్కో ఆర్డరర్.

ముగ్గురు ఆర్డరర్లు ఎందుకంటే, రాఫ్ట్ అనే పద్ధతి ప్రకారం వాళ్లలో సగం కన్నా ఎక్కువమంది ఒప్పుకుంటేనే వరస ముందుకి కదులుతుంది. ముగ్గురిలో ఒకరు పడిపోయినా పని సాగుతుంది. ఇద్దరు పడిపోతే మూడోవాడు ఒంటరిగా ఏదీ రాయడు, ఆగిపోతాడు. తప్పు రాయడం కంటే రాయకపోవడం మేలని దాని లెక్క.

బందరు నుంచి గుడివాడ పాసింజరెక్కాను. షాపులో ఆధార్ కార్డుల జిరాక్సులకీ, పాస్ పుస్తకాల జిరాక్సులకీ వరస ఉంది. నా స్నేహితుడు యంత్రం మీద మూత ఎత్తి దించుతూనే, "ఇన్ని కాపీలు తీస్తాను కదరా, ఒక్కడు కూడా కాపీని నమ్మడు. ఒరిజినల్ తెమ్మంటారు" అన్నాడు. నా నెట్‌వర్క్‌లో ఒరిజినల్ అంటూ ఏదీ ఉండదనీ, అన్నీ కాపీలేననీ, అన్నీ ఒరిజినల్సేననీ చెప్పాను. వాడు నన్ను ఒకసారి చూసి, తర్వాతి కస్టమర్‌ని పిలిచాడు.

ఇళ్లలో వాడే ఇంటర్నెట్‌కీ, ఫోన్ డేటాకీ బయటి నుంచి నేరుగా తలుపు తట్టే వీలుండదు. అందుకని మూడింటినీ ఒక వీపీఎన్‌తో కలిపి, దానిమీద డాకర్ స్వార్మ్ వేశాను. మూడూళ్ల కంటైనర్లు ఒకే వీధిలో ఉన్నట్టు ఒకదాన్నొకటి పేరు పెట్టి పిలుచుకోవాలి. పిలుచుకున్నాయి. కానీ బ్లాకులు కదల్లేదు. పింగ్ కొడితే పలుకుతుంది, పెద్ద సందేశం పంపితే మౌనం. రెండు రోజులు పట్టింది అర్థం కావడానికి. వీపీఎన్ సొరంగం లోపల స్వార్మ్ ఇంకో సొరంగం తవ్వుతుంది. ఒక్కో పొర తన చిరునామా తను అంటించుకుంటుంది. మామూలు 1500 బైట్ల పొట్లం ఇన్ని పొరల్లో పట్టదు. పలకరింపులు చిన్నవి కాబట్టి దూరిపోతున్నాయి, అసలు మాట దగ్గర ఇరుక్కుంటోంది. పొట్లం కొలత 1200కి తగ్గించాక కదిలింది.

నాగాయలంకలో ఇంకో చిక్కు. బందరు నుంచి చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ మీదుగా బస్సులో చేరేసరికి మధ్యాహ్నమైంది. పాత లాప్‌టాప్ ఆన్ చేస్తే దాని గుర్తింపు పత్రాన్ని ఎవరూ ఒప్పుకోవడం లేదు. ఇంకా అమల్లోకి రాని పత్రం అంటున్నాయి. చూస్తే లోపలి చిన్న బ్యాటరీ అయిపోయి, దాని గడియారం 2010 జనవరి 1 దగ్గర నిలబడి ఉంది. 2024లో పుట్టిన పత్రం దానికి పద్నాలుగేళ్ల తర్వాతి సంగతి. తేదీ సరిచేశాక లోపలికి రానిచ్చారు.

సాయంత్రం కొన్ని పరీక్షలు బాగా జరిగాయి. గుడివాడ నుంచి స్నేహితుడు, ఇక్కణ్ణుంచి నేను, ఇద్దరం ముద్రలు వేస్తే ఒప్పందం చెల్లింది. బందరులో చెల్లెలు లాప్‌టాప్ తెరిచి చూసి, వచ్చిందని ఫోన్ చేసింది. మావయ్యకి చూపించాను. ఆయన పేరు, ఐదెకరాలు, 18 బస్తాలు. "బానే ఉంది" అన్నాడు. వరండాలో మంచం వాల్చుకుని కూర్చున్నాడు.

తర్వాత గుడివాడలో షాపు మూసేశారు, యంత్రం ఆరిపోయింది. యజమాని లేడు. బందరు, నాగాయలంక ఆర్డరర్లు ఇద్దరు ఉన్నారు కాబట్టి పుస్తకం నడుస్తుంది. యజమాని ముద్ర లేకుండా, కౌలు రైతు ముద్ర ఒక్కటే వేసి, వచ్చే ఏడాది ఒప్పందం పంపాను. ఏమవుతుందో నాకు తెలుసు. పరీక్ష కదా, పంపాలి. అప్పుడొచ్చింది ఆ ఎర్ర వరస, ఆ నవ్వు.

*

నవ్వడం అయ్యాక మావయ్య 1977 సంగతి ఎత్తాడు.

నవంబర్ 19. మావయ్యకి అప్పుడు తొమ్మిదేళ్లు. ఉప్పెన అనే మాట దివిసీమలో ఇప్పటికీ ఆ ఒక్క రాత్రికే వాడతారు. తాటిచెట్లంత నీళ్లు అంటారు ఆ రాత్రిని చూసినవాళ్లు. చనిపోయింది పది వేల మందికి పైనే. పులిగడ్డ దగ్గర స్మారక స్థూపం ఉంది. మా తాత, అమ్మమ్మ, మావయ్య, మా అమ్మ ఒక డాబా మీదకి చేరి బతికారు. ఇల్లు పోయింది. ఇంట్లో ట్రంకుపెట్టె పోయింది. అందులో తాత సొంత ఎకరంన్నర దస్తావేజు ఉంది.

"ఆ కాగితానికేం కాలేదురా" అన్నాడు మావయ్య. "రిజిస్ట్రారు ఆఫీసులో నకలుంది. రెండేళ్లు తిరిగినా, ఇచ్చారు. ఆ పుస్తకంలో మక్కీకి మక్కీ రాసుందంట."

"మరింకేం."

"నాన్న ఆ రోజుల్లో నాలుగెకరాలు కౌలుకి చేసేవాడు. ఆ పొలం ఆయన ఆ రాత్రే పోయాడు. పిల్లలు ఎక్కడో పట్నంలో ఉండేవారు. వచ్చారు. మా నాన్నెవరన్నట్టు చూశారు. పన్నెండేళ్లు చేశాడు ఆ పొలం. మాట ఇచ్చినాయన పోయాడు, ఇక మాటెక్కడుంటది?"

దస్తావేజుకి నకలు ఉంది, మాటకి నకలు లేదు. నేను వారం రోజులుగా తెర మీద డబ్బాలు గీసి చెప్పాలనుకుంటున్నది ఆయన రెండు ముక్కల్లో చెప్పేశాడు. ప్రతి అన్నది ఎవరి మాటకి దొరుకుతుంది, ఎవరి మాటకి దొరకదు అన్నదే ఆయన బతుకంతా నడిచిన లెక్క.

రోషం వచ్చింది. నియమం మార్చేస్తానన్నాను. మూడు సంస్థల్లో ఏ రెండు ముద్ర వేసినా చాలు అని రాస్తే సరి. కౌలు రైతు, సొసైటీ కలిస్తే యజమాని సంతకం అక్కర్లేదు. మావయ్య పక్కనే కూర్చుని మార్చాను. నియమం మారాలన్నా సంస్థల్లో ఎక్కువమంది ఒప్పుకోవాలి. ముగ్గురిలో ఇద్దరు. నాగాయలంక నుంచి నేను ఒప్పుకున్నాను. బందరులో చెల్లెలికి ఫోన్ చేసి ఏం కొట్టాలో చెప్పాను, అది ఒప్పుకుంది. గుడివాడని అడగనే లేదు. ఇందాకటి లావాదేవీనే కొత్తగా పంపాను, ఈసారి రెండు ముద్రలతో. చెల్లింది.

"చూశావా" అన్నాను.

మావయ్య తెర వైపు చూడలేదు. "బావుందిరా. వచ్చే జూన్‌లో పొలం ఎవడిస్తాడు?" అన్నాడు.

నేను మాట్లాడలేదు.

"నా పేరు అందులో ఎక్కిందని తెలిస్తే ఆయన ఏం గొడవ పెట్టడు. మంచోడే. పొలం ఇంకోళ్లకి ఇచ్చుకుంటాడు, అంతే. లేపోతే చెరువు తవ్వుకోమని లీజుకిచ్చేస్తాడు. మా పక్క పొలాలన్నీ రొయ్యల చెరువులేగా ఇప్పుడు. ఆ మిషన్లో నా పేరుంటది, గట్టు మీద నేనుండను."

ఇంకో సంగతి ఆయన అనలేదు, నాకే తట్టింది. ముగ్గురిలో ఇద్దరు చాలు అన్న నియమం రెండు వైపులా కోస్తుంది. రేపు యజమానీ సొసైటీ కలిసి, కౌలు రైతుని అడక్కుండా ఒప్పందాన్ని ముగించొచ్చు. నియమాన్నే తిరిగి మార్చొచ్చు. మూడోవాడు ఎటు మొగ్గితే అటు. మరి మూడోవాడు ఎవరు? మా పక్క సొసైటీల్లో అధ్యక్షులు ఎక్కువగా ఎవరో, ఎవరి కుటుంబాల నుంచి వస్తారో తెలిసినవాడికి అది ప్రశ్న కాదు.

ఒకప్పుడు ఊరి లెక్కంతా కరణం చేతిలో ఉండేది. ఒకే పుస్తకం, ఒకే చెయ్యి, తండ్రి నుంచి కొడుక్కి. గుడివాడకి దగ్గర్లోని నిమ్మకూరులో పుట్టిన ఎన్.టి.రామారావు ప్రభుత్వం 1984లో ఆ పదవులు రద్దుచేసింది. పుస్తకం చేతులు మారింది. తర్వాత కంప్యూటర్లలోకి ఎక్కింది. 1బి, అడంగల్ ఇప్పుడు ఫోన్లో చూసుకోవచ్చు. ఏ పుస్తకంలోనూ మా తాత నాలుగెకరాలు లేవు, మావయ్య ఐదెకరాలు లేవు. నా నెట్‌వర్క్ చేయగలిగింది ఏవిటంటే, రాసినదాన్ని ఎవరూ దొంగచాటుగా మార్చకుండా చూడగలదు. రాసింది నిజమో కాదో దానికి తెలియదు. రాయనిచ్చేది ఎవరో కూడా అది తేల్చదు. అది బయట ఎప్పుడో తేలిపోయి ఉంటుంది. నేను ఆ తేలిపోయినదాన్ని తీసుకొచ్చి నియమం అని పేరుపెట్టి, ఒక ఫైల్లో ఒక వరసగా రాస్తాను. ఉద్యోగంలో ఆ వరస క్లయింటు చెప్తాడు, నేను టైపు చేస్తాను. అది ఎవరి పొలమో నాకెప్పుడూ కనబడలేదు.

బందరులో మా ఇంటి నుంచి బజారుకి వెళ్లేటప్పుడు బ్యాంకు బోర్డు ఒకటి కనిపిస్తుంది. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య ఇదే ఊళ్లో ఆంధ్రా బ్యాంకు పెట్టారు, లక్ష రూపాయల చెల్లించిన మూలధనంతో. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. మా నాన్న ఇప్పటికీ ఆంధ్రా బ్యాంకు అనే అంటాడు. పుస్తకం మారినా ఖాతా మారలేదు కాబట్టి ఆయనకి బెంగ లేదు. అలా బెంగ లేకుండా ఉండాలంటే ముందు ఖాతా అంటూ ఒకటి ఉండాలి.

*

ఆ రాత్రి పడుకోబోయే ముందు, పాత అలవాటు కొద్దీ, చెల్లని ఆ లావాదేవీ ఉన్న బ్లాకుని దించుకుని విప్పి చూశాను. ఫ్యాబ్రిక్‌లో ఒక సంగతి ఉంది. వాడుతూనే ఉన్నాను గానీ దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. చెల్లని లావాదేవీని అది పారేయదు. లెక్కలో కలపదు, అంతే. బ్లాకులో మాత్రం దాని చోటు దానికి ఉంటుంది, పక్కన చెల్లలేదన్న గుర్తు పడుతుంది. ఎవరు అడిగారు, ఎప్పుడు అడిగారు, ఏం అడిగారు, ఎందుకు చెల్లలేదు, అన్నీ ఉంటాయి. చెల్లిన వరసలకి ఎంత గట్టి ముడి ఉంటుందో దీనికీ అంతే.

మావయ్యకి చెప్పాను. ఈసారి ఆయన తెర వైపు వంగాడు.

"అంటే నేనడిగానని ఉంటుందా?"

"ఉంటుంది. చెల్లలేదని కూడా ఉంటుంది."

"చెల్లకపోతే పోయింది. అడిగానని ఉంది కదా" అన్నాడు. కళ్లజోడు తెమ్మని అత్తయ్యని కేకేశాడు. ఇంగ్లీషు రాదు ఆయనకి. అంకెలు చూసి తేదీ పోల్చుకున్నాడు, తన పేరు పోల్చుకున్నాడు. మా తాత పన్నెండేళ్లు చేసి అడిగినది ఎక్కడా లేదు. డిసెంబర్లో ఈయన కాఫీ తాగి లేచి వచ్చినది ఎక్కడా లేదు. అడగలేదు కూడా, నోటిదాకా వచ్చి ఆగింది. అలాంటివి రాసుకునే పుస్తకం ఏ ఊళ్లో ఉంది?

పొద్దున్న తొమ్మిదింటికి గుడివాడలో షాపు తెరిచారు. యంత్రం లేచింది. తను లేనప్పుడు ఎన్ని బ్లాకులు దాటిపోయాయో లెక్క చూసుకుని, ఒక్కొక్కటీ తెప్పించుకుని తన పుస్తకంలో కలుపుకుంది. అవి ఎక్కుతున్న వరసని ఇక్కణ్ణుంచి చూస్తూ కూర్చున్నాను. రాత్రి చెల్లనిది కూడా వాటిలోనే వెళ్లింది. యజమానుల ప్రతిలో కూడా ఇప్పుడది ఉంది.

అదంతా పరీక్ష. ఆ యంత్రం వెనక నిజం యజమాని ఎవరూ లేడు, కాయితాల దుమ్ములో ఆధార్ కార్డులు జిరాక్సులు తీస్తున్న నా స్నేహితుడు ఉన్నాడు. నాకు తెలుసు. అయినా చూశాను.

జూన్‌లో మావయ్య ఎప్పట్లాగే వెళ్లి మాట అనుకుని వచ్చాడు. 18 బస్తాలే. నేను హైదరాబాద్ తిరిగొచ్చేశాను. ఫోన్ చేసినప్పుడు నారుమళ్ల సంగతీ, కాలవకి నీళ్లు ఎప్పుడొదుల్తారన్న సంగతీ చెప్పి, చివర్లో, "ఇదిగో, ఈసారి కార్డు సంగతి అడిగానురా" అన్నాడు.

"ఏమన్నాడు?"

"చూద్దాం అన్నాడు."

ఆయన దగ్గర అట్టలు చిరిగిన లెక్కల పుస్తకం ఒకటి ఉంది, ఎరువుల బాకీలూ కూలీల లెక్కా రాసుకునేది. అందులో తేదీ వేసి రాసుకున్నాడట: కార్డుకి సంతకం అడిగాను, చూద్దాం అన్నారు.

నా కంపెనీలో పదకొండో నమూనా మొదలైంది. నియమం ఎలా ఉండాలో క్లయింటు పంపాడు. టైపు చేసే ముందు, ఈ ముద్ర వేయాల్సిన వాళ్లలో లేనివాళ్లు ఎవరని అడుగుతూ ఒక మెయిలు రాశాను. జవాబు ఇంకా రాలేదు. పంపిన మెయిలు మాత్రం ఉంది.